ఎండకు వంగిపోతున్న కొవ్వొత్తులు: మైనంలో ఏమి కలపాలి?

వెలుగుపువ్వు (మల్కాజిగిరి)
సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇంట్లోనే కొవ్వొత్తులు పోస్తున్నాను. మొదట దీపావళికి చుట్టాల కోసం పోసినవి నలుగురికీ నచ్చి, ఇప్పుడు నెలకు నూటయాభై దాకా అమ్ముడవుతున్నాయి. చలికాలంలో ఏ ఇబ్బందీ లేదు. ఎండలు ముదిరాక మాత్రం చేసిన పని చేసినట్టు పాడవుతోంది.

మేముండేది పై అంతస్తు, మీద డాబా తప్ప ఏమీ లేదు. ఒక పెళ్లివారు అడిగారని ఎనిమిది అంగుళాల కొవ్వొత్తులు 24 పోసి అల్మరా మీద నిలబెట్టాను. మూడో రోజు సాయంత్రం చూస్తే గోడ వైపు వరుసంతా తలలు వాల్చేసింది. కరగలేదు, ఒక్క చుక్క కూడా కారలేదు. గోటితో నొక్కితే మాత్రం గోరు దిగబడుతోంది. ఒకటి పూర్తిగా వంగి పక్కదాని మీద ఆనుకుంది. రెండింటినీ విడదీస్తే ఆనిన చోట బొటనవేలంత గుంట పడింది. పెళ్లి ఇంకా మూడు వారాలు ఉంది కాబట్టి సరిపోయింది.

నేను వాడేది బేగంబజారులో కొన్న పారాఫిన్ మైనం. 58-60 డిగ్రీలకు కరిగే రకం అని దుకాణంలో చెప్పారు. కిలోకు 100 గ్రాముల మల్లె సువాసన నూనె, కొద్దిగా రంగు, అంతే. వంగడం ఒకటే కాదు, పైన నూనె చెమటలా పడుతోంది. ఇంకో బాధ ఏమిటంటే, వెలిగించకముందు గుమగుమలాడే కొవ్వొత్తి వెలిగించాక వాసనే ఇవ్వదు. కొవ్వు నుంచి తీసే స్టియరిక్ యాసిడ్ కలపమని ఒకరు, పాలిమర్ గుళికలు కలపమని ఒకరు, అసలు పారాఫిన్ మానేసి సోయా మైనానికి మారమని ఇంకొకరు చెబుతున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి దారి చూపండి.

పాతకార్ఖానా (బాలానగర్)
సోమవారం, రాత్రి 10:25

అమ్మా, ముప్పై ఒక్క సంవత్సరాలు కొవ్వొత్తుల కార్ఖానాలో పనిచేశాను. క్రిస్మస్ ముందు మెదక్ చర్చి దగ్గర అమ్మే దుకాణాలకు మా సరుకు పెట్టెలకు పెట్టెలు వెళ్లేది. ఒట్టి పారాఫిన్‌తో నిలబడే కొవ్వొత్తి మేము ఎన్నడూ పోయలేదు. స్టియరిక్ లేకుండా ఈ ఊరి ఎండకు నిలవదు.

మా లెక్క నూరు కిలోలకు పది కిలోలు. మీకు కిలోకు 100 గ్రాములు. చిన్న కొవ్వొత్తులకు 50 కూడా చాలు. ముందు స్టియరిక్‌ను విడిగా కరిగించండి, అది పూర్తిగా తేటపడ్డాక మైనం ముక్కలు వేయండి. రెండూ కలిపి ఒకేసారి పొయ్యి మీద పెడితే అడుగున గుళికలు మిగిలిపోతాయి. చల్లారేటప్పుడు మైనం మరికొంత ముడుచుకుంటుంది కాబట్టి అచ్చు నుంచి తట్టకుండానే ఊడి వస్తుంది. చూపుకు కూడా తేడా తెలుస్తుంది. మసక తెలుపు పోయి పాలలాంటి తెలుపు వస్తుంది. రంగు మాత్రం ఒక మెట్టు తగ్గి కనబడుతుంది, అందుకు తగ్గట్టు వేసుకోవాలి.

రెండు జాగ్రత్తలు. రబ్బరు అచ్చుల్లో స్టియరిక్ పోయవద్దు. కొన్నాళ్లకు అచ్చు లోపల జిగురుగా తయారై కొవ్వొత్తి మీద పొరలు వదులుతుంది. మేము అలా పాడు చేసుకున్న అచ్చులు తక్కువేమీ కావు. రాగి, ఇత్తడి గిన్నెల్లో కరిగించవద్దు, పచ్చ ఛాయ దిగుతుంది. స్టీలు గానీ అల్యూమినియం గానీ వాడండి.

మీ అచ్చులు ఏవి? వత్తి ఏది? అది చెప్పలేదు మీరు.

రంగులడబ్బా (కూకట్‌పల్లి)
సోమవారం, రాత్రి 11:02

నాకూ ఒక సందేహం, ఇక్కడే అడుగుతున్నాను. నేను కాలేజీ విద్యార్థిని. ఖర్చు తగ్గుతుందని పిల్లల మైనపు రంగుపుల్లలు కరిగించి కలిపాను. రంగు చాలా బాగా వచ్చింది. వెలిగించిన పావుగంటకే మంట ఆవగింజంత అయిపోయి ఆరిపోతోంది. మళ్లీ వెలిగిస్తే మళ్లీ అదే. మైనం చెడ్డదా?

పాతకార్ఖానా
మంగళవారం, ఉదయం 6:15

మైనం మంచిదే బాబూ. రంగుపుల్లల్లో ఉండేది మైనంలో కరిగే రంగు కాదు, సన్నని రంగు పొడి. కరిగిన మైనాన్ని వత్తి పైకి పీల్చుకున్నప్పుడు ఆ పొడి కూడా వెళ్లి దారిలో అడ్డుపడుతుంది. వత్తి గొంతు మూసుకుపోతే మంటకు తిండి అందదు. కొవ్వొత్తుల కోసం అమ్మే నూనె రంగు బిళ్లలు తీసుకోండి, గోరంత ముక్క అరకిలోకు సరిపోతుంది. వంటల్లో వాడే రంగు కూడా పనికిరాదు. అది నీళ్లలో కరిగేది, మైనంలో అడుక్కు చేరి చుక్కలుగా ఉండిపోతుంది.

రసాయనపాఠం (తార్నాక)
మంగళవారం, ఉదయం 8:40

వెలుగుపువ్వు గారి ప్రశ్నలో అసలు విషయం ఒకటుంది, దాన్ని కాస్త విడమరుస్తాను. కళాశాలలో చాలాకాలం రసాయనశాస్త్రం చెప్పాను.

మీ మైనం 58 డిగ్రీలకు గానీ కరగదు. గది ఎంత వేడెక్కినా 58కి పోదు. మరి ఎందుకు వంగింది? పారాఫిన్‌కు ఒక గుణం ఉంది. కరగడానికి పదిహేను, ఇరవై డిగ్రీల ముందే దాని లోపలి స్ఫటికాల అమరిక మారిపోతుంది. గట్టిగా పేర్చుకుని ఉన్న పొడవాటి అణువులు పట్టు సడలించి, ఒకదాని మీద ఒకటి జారడం మొదలుపెడతాయి. చూడటానికి ఘనపదార్థమే, గుణం మాత్రం ముద్దలాంటిది. మే నెలలో హైదరాబాదులో బయట 42, 43 డిగ్రీలు మామూలే. ఎండకు కాగిన డాబా కింద గది 38 దాటితే మీ కొవ్వొత్తి సరిగ్గా ఆ మెత్తబడే దశలో ఉంటుంది. ఎనిమిది అంగుళాల ఎత్తు తన బరువుకు తానే ఒరిగిపోతుంది. పైగా మీరు కలిపిన పది శాతం సువాసన నూనె ఆ మెత్తదనాన్ని ఇంకా పెంచుతుంది.

అందువల్ల స్టియరిక్ ఆమ్లం చేసే మేలు కరిగే ఉష్ణోగ్రతను పెంచడం కాదు. బజారులో దొరికే స్టియరిక్‌లో పామిటిక్ ఆమ్లం అనే మరో కొవ్వు ఆమ్లం కూడా కలిసి ఉంటుంది. ఆ మిశ్రమం 55 డిగ్రీల చుట్టుపక్కలే కరుగుతుంది, అంటే మీ మైనం కంటే ముందే. శుద్ధమైన స్టియరిక్ అయితే 69 దగ్గర. బజారు సరుకే అయినా మైనానికి బిగువు ఇస్తుంది, వంగనివ్వదు. కరగడం వేరు, వంగడం వేరు అని గుర్తుంచుకుంటే కలపవలసిన వాటి ఎంపిక తేలికవుతుంది.

పాతకార్ఖానా గారు వత్తి గురించి అడిగారు, సరైన ప్రశ్న అడిగారు. దీనికి చరిత్రలోనే సాక్ష్యం ఉంది. ఫ్రాన్సులో షెవ్రెల్ అనే రసాయనశాస్త్రవేత్త కొవ్వును విడగొట్టి స్టియరిక్ ఆమ్లాన్ని గుర్తించాడు. గే-లుసాక్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి 1825లో దానితో కొవ్వొత్తులు చేయడానికి పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు జంతువుల కొవ్వుతో చేసినవి కంపు కొట్టేవి, కారిపోయేవి. ఆ దశకంలోనే అక్కడే కాంబసెరెస్ అనే ఆయన జడలా అల్లిన వత్తిని తెచ్చాడు. పేనిన వత్తి నిటారుగా నిలిచి మసి కడుతుంది, మాటిమాటికీ కత్తిరించాలి. అల్లిన వత్తి కొస వంగి మంట అంచుకు వచ్చి తానే కాలిపోతుంది. మైనం మారితే వత్తి కూడా మారాలి. ఒకటి వదిలి ఒకటి సరిచేస్తే కొవ్వొత్తి బాగుపడదు.

సోయాగిన్నె (మణికొండ)
మంగళవారం, మధ్యాహ్నం 1:30

అక్కా, నేను మీకు వేరే మాట చెబుతాను. నిలబెట్టే కొవ్వొత్తులు మానేసి గాజు గిన్నెల్లోకి మారండి. గిన్నెలో ఉన్నది ఎక్కడికీ వంగదు. నేను మూడేళ్లుగా సోయా మైనమే వాడుతున్నాను. కిలోకు 70 గ్రాముల సువాసన నూనె వేస్తాను, పోసిన తర్వాత పది రోజులు మూత పెట్టి కదపకుండా ఉంచుతాను. అప్పుడు వెలిగిస్తే హాలంతా వాసన పరుచుకుంటుంది. తొందరపడి రెండో రోజే వెలిగిస్తే సోయాలో వాసన తెలియదు.

పైన ఉప్పు పొడిలా తెల్లటి పూత పడుతుంది. అది సోయా గుణం, కాలడానికి ఏ ఇబ్బందీ లేదు. కొబ్బరినూనె కలిపితే నునుపు వస్తుందని మొదట్లో కలిపాను. అది 24 డిగ్రీలకే కరిగిపోయే సరుకు కదా, ఏప్రిల్‌లో గిన్నెల మీద నూనె తేలింది. ఇప్పుడు పదోవంతు తేనెమైనం వేస్తున్నాను. 62, 64 డిగ్రీల దాకా కరగదు, సహజమైనది, తేనె రంగు కూడా బాగుంటుంది.

పాతకార్ఖానా
మంగళవారం, సాయంత్రం 5:50

గిన్నెల మాట కాదనను. కానీ పెళ్లిపందిరిలో వరుసగా నిలబెట్టడానికి, చర్చిలో చేతపట్టుకోవడానికి, దీపావళికి గోడ మీద పెట్టడానికి నిలబడే కొవ్వొత్తే కావాలి. అడిగేవారు అదే అడిగితే గాజు గిన్నె ఎలా ఇస్తాము? ఆ పని కష్టమని వదిలేస్తే నేర్చుకునేవారు ఉండరు. వంగకుండా పోయడం వచ్చే పనే.

అత్తరువీధి (శాలిబండ)
మంగళవారం, రాత్రి 8:20

సువాసన గురించి నా అనుభవం. చార్మినార్ దగ్గర కొన్న గులాబీ అత్తరు కొవ్వొత్తిలో వేశాను. చేతికి రాసుకుంటే రెండు రోజులు నిలిచే అత్తరు, మంటలో అరగంట కూడా నిలవలేదు. తర్వాత దుకాణంలోని పెద్దాయన విడమరచి చెప్పారు. పాత పద్ధతి అత్తరుకు గంధపు నూనె ఆధారం, అది బరువైనది, మెల్లగా విడిచిపెడుతుంది, ఒంటి వేడికి సరిపోతుంది. చవక రకాల్లో వాసన లేని పలచని నూనె కలిపి ఉంటుంది, అది మైనాన్ని మెత్తబరుస్తుంది. ఒంటికి పూసుకునే స్ప్రే సెంట్లు అసలే వద్దు, వాటిలో ఉండేది ఆల్కహాలు, వేడి మైనంలో పోస్తే భగ్గుమంటుంది. పన్నీరు కూడా వద్దు. అది నీరు కాబట్టి చిటపటలాడి మొహం మీదికి చిందుతుంది.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. మా పక్కింటివారు దేవుడి దగ్గర మంచి వాసన వస్తుందని కర్పూరం నలిపి మైనంలో కలిపారు. వెలిగించగానే మంట జానెడు లేచి గాజు గ్లాసు పగిలింది. పిల్లవాడు అప్పుడే పక్కకు జరిగాడు కాబట్టి బతికిపోయాడు. దయచేసి ఎవరూ కర్పూరం కలపవద్దు, నాఫ్తలీను గోలీలు కలపవద్దు.

రసాయనపాఠం
మంగళవారం, రాత్రి 9:05

చాలా అవసరమైన మాట చెప్పారు. దానికే ఇది జోడిస్తాను. మైనం గిన్నెను నేరుగా పొయ్యి మీద పెట్టవద్దు, నీళ్లున్న గిన్నెలో దింపి కరిగించండి. అలా చేస్తే నూరు డిగ్రీలు దాటే ప్రమాదం ఉండదు. నీళ్లు ఇగిరిపోకుండా చూస్తూ ఉండాలి. ఒకవేళ మైనం అంటుకుంటే పొయ్యి ఆపి పళ్లెంతో గట్టిగా మూసేయండి. నీళ్లు మాత్రం పోయకండి. మైనం అడుక్కు దిగిన నీరు ఒక్కసారిగా ఆవిరై, మండుతున్న మైనాన్ని పైకప్పు దాకా చిమ్ముతుంది.

వెలుగుపువ్వు
బుధవారం, ఉదయం 7:00

అందరికీ చాలా కృతజ్ఞతలు. పాతకార్ఖానా బాబాయి గారూ, మీరు అడిగినవి: అచ్చులు అల్యూమినియం గొట్టాలు, రెండున్నర అంగుళాల వెడల్పు. వత్తి జడలా అల్లిన నూలుదే, బజారులో చుట్ట కొన్నాను, ఏ సైజో తెలియదు, సన్నగానే ఉంటుంది. అన్ని కొవ్వొత్తులకూ అదే వాడుతున్నాను.

పాలిమర్ గుళికల సంగతి ఎవరూ చెప్పలేదు.

తవుడుమైనం (మిర్యాలగూడ నుంచి హైదరాబాదు)
బుధవారం, ఉదయం 10:45

నేను చెబుతాను. మీరు విన్నది వైబార్ అనే పేరుతో అమ్మే పాలిమర్ గుళికలు అయి ఉంటాయి. నిలబడే కొవ్వొత్తులకు 103 రకం, గాజు గిన్నెలకు మెత్తగా ఉండే 260 రకం. సువాసన నూనెను మైనంలో పట్టి ఉంచుతుంది, చెమట పట్టనివ్వదు, కొంత గట్టిదనమూ ఇస్తుంది. వేయవలసింది చాలా తక్కువ. కిలోకు 5 గ్రాములతో మొదలుపెట్టండి, 10 దాటవద్దు. నేను మొదటిసారి కిలోకు 20 వేశాను. కొవ్వొత్తి అద్దంలా మెరిసింది, వాసన మాత్రం లోపలే బందీ అయిపోయింది, వెలిగించినా బయటికి రాలేదు. స్టియరిక్ వేస్తే ఇది అక్కరలేదు, ఇది వేస్తే స్టియరిక్ అక్కరలేదు. రెండూ దాదాపు ఒకే పని చేస్తాయి. అర గ్రాము చూపించే త్రాసు లేకుండా దీని జోలికి వెళ్లవద్దు.

నేను ఈ మధ్య వాడుతున్నది తవుడు మైనం. తవుడు నూనెను శుద్ధి చేసేటప్పుడు వేరుపడే మైనం ఇది. మాది వరి పండే ఊరు కాబట్టి నాకు దీని మీద మొదటినుంచీ మక్కువ. కరగాలంటే దాదాపు 80 డిగ్రీలు కావాలి. సోయా మైనంలో కిలోకు 30 గ్రాములు వేస్తే వేసవిలో కూడా పైభాగం గట్టిగా నిలుస్తోంది. ఎక్కువైతే పెళుసెక్కి పగుళ్లు వస్తాయి. సోయాగిన్నె గారు ఒకసారి ప్రయత్నించండి.

సోయాగిన్నె
బుధవారం, ఉదయం 11:20

తప్పకుండా. మనం ఉన్నది వరి పండే నేల, ఈ మైనం ఉందని నాకు ఇప్పటిదాకా తెలియదు.

పాతకార్ఖానా
బుధవారం, మధ్యాహ్నం 2:15

అమ్మా, మీ వాసన సమస్యకు మూలం వత్తిలోనే ఉంది. రెండున్నర అంగుళాల కొవ్వొత్తికి సన్న వత్తి పెడితే మంట చుట్టూ చిన్న గుంటలాగే కరుగుతుంది. వాసన పైకి లేచేది ఆ కరిగిన మడుగు నుంచే. మడుగు రూపాయి బిళ్లంత ఉంటే వాసనా అంతే. పైగా మీరు వేస్తున్న నూరు గ్రాముల నూనె ఆ సన్న వత్తిని ముంచేస్తోంది. నూనె 50, 60కి తగ్గించండి, వత్తి ఒక సైజు పెంచండి. స్టియరిక్ వేశాక మైనం ఇంకా బిగుస్తుంది కాబట్టి పాత వత్తి అసలే చాలదు. నూనె ఎక్కువ వేస్తే వాసన ఎక్కువ అనుకోవడం అందరూ చేసే పొరపాటే.

సువాసన నూనె కలిపేది మైనం 80 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు. కలిపి ఊరుకోకుండా రెండు నిమిషాలు ఆగకుండా మెల్లగా తిప్పండి. వేగంగా తిప్పితే గాలి బుడగలు చేరతాయి.

ఒకేసారి అన్నీ మార్చకండి. ఒక్కోసారి ఒక్కటే మార్చి, కాగితం మీద రాసుకోండి. మా కార్ఖానాలో గోడకు తగిలించిన నోటుబుక్కు ఉండేది. ఏ రోజు ఏ పాళ్లు వేశామో, బయట ఎండ ఎలా ఉందో రాసేవాళ్లం. ఎంత చేయి తిరిగిన పనివాడైనా పాళ్లకు ఆ పుస్తకాన్నే నమ్మేవాడు.

వెలుగుపువ్వు
తర్వాతి బుధవారం, రాత్రి 9:30

వారం రోజులు పోసి చూశాను. ఒక్కొక్కటి అరకిలో మైనంతో, అన్నిటికీ సువాసన నూనె 30 గ్రాములే. ఒకటి ఏమీ కలపనిది, ఒకటి స్టియరిక్ 50 గ్రాములతో, ఒకటి 103 గుళికలు రెండున్నర గ్రాములతో. మూడింటినీ అదే అల్మరా మీద, అదే గోడ పక్కన నిలబెట్టి పక్కన ఉష్ణోగ్రత చూపే గడియారం పెట్టాను. మధ్యాహ్నం మూడున్నరకు 39 చూపించింది.

ఏమీ కలపనిది రెండో రోజుకే ఒరగడం మొదలుపెట్టింది, అయితే నూనె తగ్గించినందుకు మునుపటంత కాదు. గుళికలు వేసినది నాలుగో రోజుకు పైకొస దగ్గర నూలుపోగంత వంకర తిరిగింది. ఒంటి మీద ఒక్క చుక్క చెమట లేదు, చేత్తో రాస్తే వేలికి తడి అంటలేదు. స్టియరిక్‌ది ఈ రోజు దాకా ఇనుప చువ్వలా నిలబడి ఉంది. గోటితో నొక్కితే గోరు దిగలేదు. అచ్చు నుంచి కూడా బోర్లించగానే జారి వచ్చింది, ఇంతకుముందు నేను ఫ్రిజ్‌లో పెట్టి తీసేదాన్ని.

కానీ వెలిగిస్తే మళ్లీ చిక్కు. పాత సన్న వత్తితో స్టియరిక్ కొవ్వొత్తి మధ్యలో బావిలా గుంట చేసుకుంటూ పోయింది. చుట్టూ గోడలా మైనం నిలిచిపోయింది. బాబాయి గారు చెప్పినట్టు ఒక సైజు పెంచితే మడుగు అంచుకు అర అంగుళం దాకా వచ్చింది. రెండు సైజులు పెంచితే మంట ఊగుతూ పొగ వదిలింది, వత్తి కొస పుట్టగొడుగులా ఉబ్బింది. కాబట్టి ఒక సైజే ఖాయం. వత్తిని పావు అంగుళానికి కత్తిరించి వెలిగిస్తే, 60 గ్రాముల లెక్కకే గది గుమ్మం దాకా మల్లె వాసన వచ్చింది. నూరు గ్రాములు వేసినప్పుడు రానిది ఇప్పుడు వచ్చింది. మా అత్తగారు వంటింట్లోంచి వచ్చి పూలు ఎవరు తెచ్చారని అడిగారు.

పెళ్లివారి 24 కొవ్వొత్తులూ స్టియరిక్‌తోనే పోశాను. గాజు గ్లాసుల్లో పోసేవాటికి 260 గుళికలు తెప్పించుకుంటున్నాను.

రసాయనపాఠం
బుధవారం, రాత్రి 10:10

ఒక్క వారంలో ఇంత శ్రద్ధగా చేసినందుకు అభినందనలు. నా విద్యార్థులు చాలామంది ప్రయోగశాలలో ఇంత నిజాయితీగా రాయలేదు. ఒక చిన్న మాట. రంగు కొవ్వొత్తులను కిటికీ పక్కన పెట్టకండి. వెలుతురుకు గులాబీ, ఊదా రంగులు తొందరగా వెలిసిపోతాయి. అందుకు కలిపే పొడులు ఉన్నాయి గానీ, అట్టపెట్టెలో దాచుకుంటే వాటితో పనే లేదు.

పాతకార్ఖానా
గురువారం, ఉదయం 6:05

చాలా సంతోషం అమ్మా. పెళ్లి ఎక్కడ? సరుకు ఎలా పంపుతున్నారు?

వెలుగుపువ్వు
గురువారం, ఉదయం 6:40

తిరుమలగిరి దగ్గర ఫంక్షన్ హాలు బాబాయి గారూ. ఆదివారం మధ్యాహ్నం ఆటోలో నేనే తీసుకువెళ్దామనుకుంటున్నాను.

పాతకార్ఖానా
గురువారం, ఉదయం 6:52

మధ్యాహ్నం వద్దు. ఎండలో నిలిచిన ఆటో లోపల మీ గది కంటే వేడి. స్టియరిక్ ఉన్నా అంత వేడికి, ఆ కుదుపులకు ఆగదు. నిలబెట్టి కట్టవద్దు. ఒక్కొక్కదానికీ న్యూస్‌పేపరు చుట్టి, పెట్టెలో పడుకోబెట్టి, వరుసకూ వరుసకూ మధ్య అట్ట వేయండి. అడుగు వరుస మీద మూడు వరుసలకు మించి పేర్చవద్దు. పొద్దు గూకాక బయలుదేరండి.

వెలుగుపువ్వు
గురువారం, ఉదయం 7:03

అలాగే బాబాయి గారూ. శనివారం రాత్రి ఎనిమిదికి బయలుదేరతాను. ఈ రోజు పెట్టెలు తెస్తాను.